మలేసియాకు ఫ్లేవర్ సిరప్‌లు: హలాల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడల్లో సిరప్‌లు తయారుచేసేవాళ్లు, కౌలాలంపూర్, పెనాంగ్‌లలో వాటిని దిగుమతి చేసుకునే మనవాళ్లు దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతుంటారు. రోజ్, నన్నారి, హేజల్‌నట్, కారమెల్, ఏ సిరప్ అయినా సరే, "లేబుల్ మీద హలాల్ ముద్ర ఎలా వస్తుంది?" అన్నదే మొదటి ప్రశ్న. ముద్ర చివర్లో వచ్చేది. సీసాలోకి వెళ్లిన ఒక్కో పదార్థం ఎక్కడ పుట్టిందో కాగితం మీద చూపించగలిగితే ముద్ర దానంతటదే వస్తుంది. చూపించలేకపోతే ఎంత ఖర్చు పెట్టినా పని జరగదు. కింద జవాబులన్నీ ఈ మాట చుట్టూ తిరిగేవే.

హలాల్ సర్టిఫికెట్ లేకుండా మలేసియాలో సిరప్ అమ్మకూడదా?

అమ్మవచ్చు. సిరప్‌కు హలాల్ సర్టిఫికెట్ తప్పనిసరి అని మలేసియా చట్టం చెప్పదు. తీసుకోవడం, తీసుకోకపోవడం మీ ఇష్టం.

కానీ వ్యాపారం చేయాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగకూడదు. 2020 జనగణన ప్రకారం ఆ దేశ జనాభాలో 63.5 శాతం ముస్లింలు. దుకాణంలో సీసా చేతిలోకి తీసుకోగానే చాలామంది ముందు వెనక్కి తిప్పి ముద్ర కోసం చూస్తారు. కెఫేలు, హోటళ్ల విషయం ఇంకా గట్టిది. హలాల్ సర్టిఫికెట్ ఉన్న కెఫే తన వంటింట్లోకి వచ్చే ప్రతి ముడిసరుకుకూ హలాల్ ఆధారం చూపించాలి. కౌంటర్ వెనక అల్మరాలో కాగితం లేని ఒక్క వెనిలా సిరప్ సీసా కనిపించినా తనిఖీలో ఆ కెఫే సర్టిఫికెట్‌కే ముప్పు. మీ సిరప్ ఎంత రుచిగా ఉన్నా కెఫే యజమాని ఆ టెన్షన్ పెట్టుకోడు. సిరప్‌లలో పెద్ద ఆర్డర్లు కెఫేలవే కాబట్టి, సర్టిఫికెట్ లేకపోతే అసలు బేరం చాలావరకు పోయినట్టే.

మా సరుకులో తప్పుపట్టే పదార్థం ఏదీ లేదు. 'హలాల్' అని మేమే అచ్చు వేసుకోవచ్చా?

వద్దు. 2011 నాటి ట్రేడ్ డిస్క్రిప్షన్స్ చట్టం, దాని కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం, దిగుమతి సరుకును హలాల్ అని చెప్పాలంటే రెండే దారులు. మలేసియా ఇస్లామిక్ అభివృద్ధి శాఖ జాకిమ్ సర్టిఫికెట్ అయినా ఉండాలి, లేదా జాకిమ్ గుర్తించిన విదేశీ సంస్థ సర్టిఫికెట్ అయినా ఉండాలి. రెండో దారిలో వెళ్తే ఆ సంస్థ పేరు సరుకు మీద కనిపించాలి. 'ముస్లింలకు తగినది' అన్నట్టు చెప్పే మాటలూ ఇదే లెక్కలోకి వస్తాయి. ఉల్లంఘిస్తే భారీ జరిమానా, వ్యక్తులకైతే జైలు కూడా ఉంది. దీన్ని అమలు చేసేది దేశీయ వాణిజ్య మంత్రిత్వ శాఖ. వాళ్లు దుకాణాల్లోకి వచ్చి తనిఖీ చేస్తారు.

మా సిరప్ మీద పచ్చ చుక్క ఉంది. వెజ్ అయితే హలాల్ అయినట్టే కదా?

మన దగ్గర నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు కాస్త నిదానంగా చదవండి.

పచ్చ చుక్క చెప్పేది ఒక్కటే: పాలు, తేనె లాంటివి మినహాయిస్తే జంతువుల నుంచి వచ్చిన పదార్థం ఇందులో లేదని. ఆల్కహాల్ జంతువు నుంచి రాదు. ఫ్లేవర్‌ను కరిగించడానికి ఇథనాల్ వాడినా పచ్చ చుక్కకు ఏ ఇబ్బందీ లేదు, హలాల్‌కు మాత్రం అదే మొదటి ప్రశ్న. రెండోది, తయారీ మధ్యలో వాడి తీసేసిన పదార్థాలు లేబుల్ మీద కనిపించవు. యాపిల్ రసాన్ని తేటపరచడానికి జెలటిన్ వాడే పద్ధతి ఉంది. కొన్ని దేశాల రిఫైనరీలు చక్కెర రంగు తీయడానికి ఎముకల బొగ్గు వాడతాయి. హలాల్ ఆడిటర్ ఇవన్నీ అడుగుతారు.

పచ్చ చుక్క ఉందంటే మీ పని కొంత తేలికవుతుంది, అంతవరకు నిజం. మాంసం, కొవ్వుల గొడవ చాలావరకు ఉండదు. మిగిలిన సగం పని అలాగే ఉంటుంది.

ఫ్లేవర్‌లో ఆల్కహాల్ ఎంతవరకు ఉండవచ్చు?

మలేసియా జాతీయ ఫత్వా మండలి 2011లో దీని మీద స్పష్టత ఇచ్చింది. ఫ్లేవర్‌నో రంగునో నిలకడగా ఉంచడానికి వాడిన ఆల్కహాల్ మద్యం తయారీ నుంచి వచ్చింది కాకూడదు. తుది ఉత్పత్తిలో అది మత్తు కలిగించకూడదు, 0.5 శాతం మించకూడదు. అదే మండలి శీతల పానీయాల గురించి చెప్పిన 1 శాతం లెక్క వేరు. దాన్ని ఫ్లేవర్లకు అన్వయించుకుని కొందరు ఇబ్బంది పడుతున్నారు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. మీ వెనిలా ఫ్లేవర్‌లో బరువు ప్రకారం 60 శాతం ఇథనాల్ ఉందనుకోండి. కిలో సిరప్‌కు 8 గ్రాముల ఫ్లేవర్ వేస్తున్నారు. అందులో ఇథనాల్ 4.8 గ్రాములు. బరువు లెక్కన 0.48 శాతం, గీత దాటలేదు. అదే పరిమాణం లెక్కన చూడండి. 65 బ్రిక్స్ (అంటే బరువులో నూటికి 65 పాళ్లు చక్కెర) ఉన్న సిరప్ లీటరు సుమారు 1.3 కిలోలు తూగుతుంది, అంటే కిలో సిరప్ 760 మిల్లీలీటర్ల దగ్గర వస్తుంది. ఇథనాల్ నీళ్లకన్నా తేలిక, 4.8 గ్రాములంటే సుమారు 6 మిల్లీలీటర్లు. భాగిస్తే 0.8 శాతం! సరుకు అదే, సీసా అదే, ఒక లెక్కలో పాస్, ఇంకో లెక్కలో ఫెయిల్. అందుకే ల్యాబ్ రిపోర్టులో శాతం బరువుదా పరిమాణానిదా అన్నది రాయించండి. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఏది ఒప్పుకుంటుందో ముందే రాతపూర్వకంగా అడగండి.

"కాచేటప్పుడు ఆల్కహాల్ ఎగిరిపోతుంది కదా" అంటారు. ఫ్లేవర్ వేసేది పాకం చల్లారాక. లేకపోతే వాసన కూడా దాంతోపాటే పోతుంది. కాబట్టి ఎగిరిపోయేది తక్కువ.

"కస్టమర్ ఎనిమిది రెట్లు నీళ్లు కలుపుకునే తాగుతాడు కదా" అనేది ఇంకో వాదన. మీరు అమ్మేది సీసాలోని సిరప్. లెక్క చూసేది దాని మీదే అనుకుని సిద్ధపడండి.

నా సలహా అడిగితే, ఇథనాల్ ఉన్న ఫ్లేవర్ జోలికే వెళ్లకండి. భారతదేశంలో ఫ్లేవర్లకు వాడే ఇథనాల్ చాలాచోట్ల ఎక్‌స్ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. మద్యం తయారీకి వెళ్లేదీ అదే. 'మద్యం పరిశ్రమ నుంచి వచ్చింది కాదు' అని నిరూపించడానికి పడే తిప్పలకన్నా, ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనో మొక్కల గ్లిజరిన్‌లోనో తయారైన ఫ్లేవర్ కొనుక్కోవడం హాయి. దాదాపు ప్రతి ఫ్లేవర్ కంపెనీ దగ్గరా ఆ రకం ఉంటుంది. అడగాలి, అంతే. ఒక్క మినహాయింపు అసలైన వెనిలా ఎక్స్‌ట్రాక్ట్. అమెరికా ప్రమాణం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. కాబట్టి అమెరికా నుంచి వచ్చే వెనిలా డబ్బా చూస్తే ముందు ఆ అంకె చూసుకోండి.

ఆల్కహాల్ కాకుండా ఏ పదార్థాల దగ్గర ఫైల్ ఆగుతుంది?

ఎక్కువగా ఆగేది గ్లిజరిన్ దగ్గర. గ్లిజరిన్ పామాయిల్, సోయా లాంటి నూనెల నుంచీ వస్తుంది, జంతువుల కొవ్వు నుంచీ వస్తుంది. తుది వస్తువును చూసి తేడా చెప్పలేం. పైగా అది వేరే పదార్థాల లోపల దాక్కుని ఉంటుంది. నారింజ, నిమ్మ సిరప్‌లలో నూనె పైకి తేలకుండా ఉండడానికి ఎస్టర్ గమ్ వేస్తారు, దాని నంబరు ఇ445. పైన్ చెట్ల జిగురును గ్లిజరిన్‌తో కలిపి దాన్ని చేస్తారు. లేబుల్ మీద 'చెట్టు జిగురు' అన్నట్టు కనిపిస్తుంది కాబట్టి తయారీదారుకు అనుమానం రాదు, ఆడిటర్‌కు మాత్రం వస్తుంది. కొవ్వుల నుంచి చేసే ఎమల్సిఫయర్ ఇ471 కూడా అంతే. ఏ కొవ్వు నుంచి చేశారో సరఫరాదారు కాగితం ఇవ్వాలి.

వెన్న, కారమెల్, క్రీమ్ రుచులు ఉన్న ఫ్లేవర్లలో లైపేజ్ అనే ఎంజైమ్‌తో పాలకొవ్వును విడగొట్టి ఘాటు తెప్పిస్తారు. ఆ లైపేజ్ సూక్ష్మజీవుల నుంచి వచ్చిందా, పశువు నుంచి వచ్చిందా? పశువుదైతే దాన్ని ఎలా వధించారు? బటర్‌స్కాచ్ సిరప్‌లో వేసింది చిటికెడే అయినా ఈ ప్రశ్నకు జవాబు కావాల్సిందే. వేయించిన రుచి, పొగ రుచి ఉండే ఫ్లేవర్లలో ఎల్-సిస్టీన్ కూడా ఉండవచ్చు. దాన్ని పక్షి ఈకల నుంచి కూడా తీస్తారు.

ఎరుపు రంగు సంగతి వేరు. ఇ120, అంటే కార్మైన్, కోచినీల్ పురుగు నుంచి తీసే రంగు. ఇండోనేసియా ఉలేమా మండలి 2011లో దీన్ని అనుమతించింది. మలేసియా ఫత్వా మండలి కూడా హద్దులు పెట్టి ఒప్పుకుంది. కానీ భారతదేశ ముస్లింలలో ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయంలో పురుగు రంగును చాలామంది పండితులు ఒప్పుకోరు. ఇక్కడి సర్టిఫికెట్ సంస్థే కాదనవచ్చు. దాన్ని వదిలేసి బీట్‌రూట్ రంగో, ద్రాక్ష తొక్కల రంగో చూసుకుంటే గొడవ ఉండదు. మన రోజ్ సిరప్‌లలో వాడే కార్మోయిసిన్, ఇ122, సింథటిక్ రంగు. పేరు దగ్గరగా ఉంది కాబట్టి కొనుగోలుదారులు కార్మైన్ అనుకుని భయపడతారు. ముందే ఒక ముక్క రాసి ఇవ్వండి.

చక్కెరకు మన దేశంలో పెద్ద ఇబ్బంది ఉండదు. ఇక్కడి ఫ్యాక్టరీలు ఎక్కువగా సల్ఫిటేషన్ (గంధకపు వాయువు) పద్ధతిలో తెల్లబరుస్తాయి. అయినా ఏ మిల్లు, ఏ పద్ధతి అన్న ఉత్తరం ఒకటి ఫైల్‌లో పెట్టుకోండి.

ఫ్లేవర్ కంపెనీ ఫార్ములా చెప్పనంటోంది. అప్పుడెలా?

ఫార్ములా వాళ్ల వ్యాపార రహస్యం, చెప్పకపోవడం సహజమే. మీకు కావాల్సింది ఫార్ములా కాదు, ఆ ఫ్లేవర్‌కే ఉన్న హలాల్ సర్టిఫికెట్. అది చేతికి వచ్చాక నాలుగు చోట్ల చూడండి. ఒకటి, మీ ఇన్వాయిస్‌లో ఉన్న ప్రొడక్ట్ కోడ్ సర్టిఫికెట్ వెనక జాబితాలో అచ్చంగా అదే ఉందా. చివర ఒక అక్షరం తేడా ఉన్నా అది వేరే సరుకు కింద లెక్క. రెండు, ఫ్యాక్టరీ చిరునామా. ఒకే కంపెనీకి రెండు మూడు ఊళ్లలో ప్లాంట్లు ఉంటాయి, సర్టిఫికెట్ ఒక్కదానికే ఉండవచ్చు. మూడు, గడువు తేదీ. నాలుగు, ఇచ్చిన సంస్థను జాకిమ్ గుర్తించిందా.

సర్టిఫికెట్ లేదు, 'మా సరుకులో పంది పదార్థాలు లేవు' అన్న ప్రకటన మాత్రమే ఇస్తామంటే, వేరే కంపెనీని వెతుక్కోండి. ఆ ఒక్క వాక్యంతో పని జరగదు.

భారతదేశంలో ఎవరి దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి?

జాకిమ్ గుర్తించిన విదేశీ సంస్థల జాబితా దాని హలాల్ పోర్టల్‌లో ఉంటుంది. అందులో భారతీయ సంస్థలూ ఉన్నాయి. జాబితా మారుతుంటుంది, కాబట్టి డబ్బు కట్టే రోజున చూడండి, సరుకు ఓడెక్కే ముందు ఇంకోసారి చూడండి. 'ప్రపంచమంతా చెల్లుతుంది' అని చెప్పే ఏజెంట్ మాట కన్నా ఆ జాబితా ముఖ్యం.

రమ్, ఐరిష్ క్రీమ్, మోహితో రుచులు పంపవచ్చా? ఒక్క చుక్క ఆల్కహాల్ కూడా లేదు.

పదార్థాలన్నీ శుభ్రంగా ఉన్నా, మద్యాన్ని గుర్తుచేసే పేరు ఉంటే సర్టిఫికెట్ దొరకడం కష్టం. మలేసియాలో పేరు కూడా పరిశీలనలో భాగమే. 2016లో ఒక ప్రెట్‌జెల్ దుకాణాల సంస్థను 'ప్రెట్‌జెల్ డాగ్' పేరు మార్చుకోమని జాకిమ్ చెప్పిన సంగతి వార్తల్లోకి ఎక్కింది. ఎ అండ్ డబ్ల్యూ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థ అక్కడ తన రూట్ బీర్‌ను 'ఆర్‌బీ' అని అమ్ముతుంది. ఇండోనేసియాలో పట్టింపు ఇంకా ఎక్కువ, అక్కడ పేరు మార్చినా రమ్ రుచే అడ్డొస్తుంది.

మోహితో బదులు 'నిమ్మ-పుదీనా' అని రాయండి, రుచి అదే కదా. రమ్, అమరెట్టో లాంటివి ఈ మార్కెట్‌కు పంపకపోవడమే మంచిది. ఇంకో జాగ్రత్త: ఆ రుచులు మీ వెబ్‌సైట్‌లో వేరే దేశాల కోసం అదే బ్రాండ్ కింద కనిపిస్తుంటే కొనుగోలుదారు దాని గురించి అడుగుతాడు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

అదే మెషీన్ మీద హలాల్ కానివి కూడా నింపుతాం. ఇబ్బందా?

పంది సంబంధమైనది ఏదైనా ఆ లైన్ మీద నడిచి ఉంటే, మలేసియా ప్రమాణం ఎంఎస్ 1500 ప్రకారం ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో. సిరప్ యూనిట్లలో ఆ పరిస్థితి అరుదు. మామూలుగా తలెత్తేది ఆల్కహాల్ ఉన్న ఫ్లేవర్ల విషయమే. లైన్ శుభ్రం చేసిన రికార్డు, ట్యాంకులు, డ్రమ్ములు, గొట్టాలు వేరుగా ఉంచిన ఆధారం చూపించాలి. గోదాములో వేరే అరలు, వాటి మీద బోర్డులు పెట్టండి.

నన్నారి సిరప్ పంపాలనుకుంటున్నాం. అక్కడ గిరాకీ ఉంటుందా?

ఉంటుంది. మలేసియాలో తరాలుగా ఉన్న తెలుగువాళ్లకు, తమిళులకు ఆ రుచి తెలుసు. సార్సీ పేరుతో అమ్మే సార్సపరిల్లా పానీయం అక్కడ అందరికీ అలవాటే, కాబట్టి నన్నారి వాళ్లకు పూర్తిగా కొత్త కాదు. హలాల్ వైపు నుంచి చూస్తే, రాయలసీమ పద్ధతిలో వేళ్లను నీళ్లలో నానబెట్టి, మరిగించి, చక్కెర పాకం పట్టిన సిరప్‌కు ఇబ్బంది చాలా తక్కువ. అదే బయట కొన్న నన్నారి ఎక్స్‌ట్రాక్ట్ వేస్తుంటే, ఆ ఎక్స్‌ట్రాక్ట్‌ను ఆల్కహాల్‌తో తీశారేమో అడగాలి.

నన్నారికి అసలు చిక్కు హలాల్ దగ్గర కాదు, లేబుల్ మీద మనం రాసే మాటల దగ్గర. 'రక్తశుద్ధి', 'ఒంటి వేడి తగ్గిస్తుంది', 'మూత్ర సమస్యలకు మంచిది' అని మన సీసాల మీద ధారాళంగా రాస్తాం. మలేసియాలో ఆహారానికీ మందుకూ మధ్య ఉన్న సరుకులను ఏ వైపు వేయాలో తేల్చే ప్రత్యేక ప్రక్రియ ఉంది. వైద్య గుణాలు రాస్తే మీ షర్బత్ మందుల నియంత్రణ సంస్థ పరిధిలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అక్కడ రిజిస్ట్రేషన్ వేరే ప్రపంచం. ఎగుమతి లేబుల్ మీద 'నన్నారి వేరు రుచిగల సిరప్' అని రాసి, ఎన్ని రెట్లు నీళ్లు కలపాలో చెప్పి ఊరుకోండి. దీని మీద గట్టిగా చెబుతున్నానంటే కారణం ఉంది: ఇంత మంచి పానీయం రెండు విశేషణాల వల్ల రేవులో ఆగిపోవడం బాధగా ఉంటుంది.

కస్టమ్స్, ఆరోగ్య శాఖ వైపు ఏం చూసుకోవాలి?

హెచ్‌ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు సరుకును ఏ వర్గంలో వేస్తారో చెప్పే నంబరు, మొదట తేల్చుకోండి. ఫ్లేవర్, రంగు లేని చక్కెర పాకం 1702 కిందికి వస్తుంది. ఫ్లేవరో రంగో కలిపితే 2106.90. పండ్ల రసం 2009, గాఢమైన ఫ్లేవర్ మిశ్రమం 3302. సుంకం, అనుమతులు అన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఆసియాన్-భారత్ ఒప్పందం, 2011 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారత్-మలేసియా ఒప్పందం రెండింటిలో ఏది మీ కోడ్‌కు మేలో కస్టమ్స్ ఏజెంట్‌ను అడిగి, దానికి తగ్గ మూలదేశ ధ్రువపత్రం తీసుకోండి.

దిగుమతిదారు మలేసియా ఆరోగ్య శాఖ ఫోసిమ్ వ్యవస్థలో నమోదై ఉండాలి. అక్కడ సరుకును 1 నుంచి 6 వరకు ఏదో ఒక స్థాయిలో పెడతారు. 1 అంటే నేరుగా విడుదల, 5 అంటే ఆపి, పరీక్షించి, వదలడం, 6 అంటే తిరస్కరణ. గతంలో మీ రకం సరుకు ఫెయిలై ఉంటే స్థాయి పెరుగుతుంది.

లేబుల్ మలయ్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉండాలి. మూలదేశం, దిగుమతిదారు పేరు, చిరునామా రాయాలి. ఆల్కహాల్ కలిపితే ఆ సంగతి పెద్దక్షరాల్లో చెప్పాలి. రంగులు, ప్రిజర్వేటివ్‌ల అనుమతి జాబితా మన దేశానిదీ మలేసియాదీ ఒకటి కాదు. 1985 ఆహార నిబంధనలతో ఒక్కొక్కటీ సరిపోల్చుకోండి.

రంజాన్ సీజన్‌కు ఎప్పుడు పంపాలి?

రోజ్ సిరప్‌ను పాలలో కలిపి చేసే 'సిరప్ బండుంగ్' రంజాన్ సంతల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఇఫ్తార్‌కు తీపి, ఎర్రటి పానీయం కావాల్సిందే. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది, 2027లో రెండో వారం దగ్గర మొదలవుతుంది. దుకాణాలు అంతకు చాలా ముందే స్టాక్ తీసుకుంటాయి, కాబట్టి 2027 సరుకు 2026 నవంబర్, డిసెంబర్‌లలోనే మలేసియా రేవు పోర్ట్ క్లాంగ్ చేరాలి. కొత్త సర్టిఫికెట్ కావాలంటే ఇంకా ముందే మొదలుపెట్టండి.

ఎండకు కాగే కంటైనర్‌లో ఇంకో గొడవ ఉంది. 65 బ్రిక్స్ దగ్గర ఉన్న పాకం తనను తాను కాపాడుకుంటుంది. ఖర్చు తగ్గించడానికి పాకం పలచబరిచి, ప్రిజర్వేటివ్ సరిగ్గా వేయకపోతే, తీపిని తట్టుకునే ఈస్ట్ పెరుగుతుంది. మూతలు ఉబ్బుతాయి, లోపల ఆల్కహాల్ పుడుతుంది. బయల్దేరినప్పుడు సున్నా ఉన్న సరుకు చేరేసరికి ల్యాబ్‌లో 0.5 శాతం దాటవచ్చు. ప్రతి బ్యాచ్‌కూ బ్రిక్స్, పీహెచ్ రాసి పెట్టుకోండి, కొన్ని సీసాలు మీ దగ్గరే దాచి ఉంచండి.

ఇదే సర్టిఫికెట్‌తో ఇండోనేసియాకు, గల్ఫ్‌కు పంపవచ్చా?

అలా అనుకోకండి. ఇండోనేసియాలో 2014 నాటి చట్టం ప్రకారం హలాల్ తప్పనిసరి. దిగుమతి ఆహార, పానీయాలకు ఇచ్చిన గడువు 2026 అక్టోబర్ 17. అక్కడ అధికారం బీపీజేపీహెచ్ సంస్థది, దాని గుర్తింపు జాబితా వేరు. హలాల్ కానిదైతే ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలి. గల్ఫ్‌లో హలాల్ ప్రమాణాలతో పాటు పన్ను కూడా చూసుకోవాలి. యూఏఈ తీపి పానీయాల మీద ఎక్సైజ్ పన్నును 2019 డిసెంబర్‌లో తెచ్చింది, పానీయంగా కలుపుకునే గాఢ ద్రవాలూ అందులోకి వస్తాయి. 2026 నుంచి ఆ పన్ను చక్కెర మోతాదును బట్టి మారుతోంది.

మాది ముస్లిం యాజమాన్యం కాదు. సర్టిఫికెట్ ఇస్తారా?

ఇస్తారు. చూసేది సరుకును, తయారీని, రికార్డులను. యజమాని మతం అడ్డు కాదు.

కస్టమర్ ఫోన్ చేసి "ఇది నిజంగా హలాలేనా?" అని అడిగితే ఏం చెప్పాలి?

విసుక్కోకండి. అడిగే మనిషికి అది నమ్మకానికి సంబంధించిన విషయం. తన ఇంట్లో పిల్లలకు, అతిథులకు పోసే పానీయం గురించి అడుగుతున్నారు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, నంబరు, గడువు చెప్పండి. సీసా మీది బ్యాచ్ నంబరు అడిగి, ఆ బ్యాచ్‌లో వాడిన ఫ్లేవర్, రంగు ఏవో చూసి చెప్పండి. వెంటనే తెలియకపోతే కనుక్కుని మళ్లీ ఫోన్ చేస్తామని చెప్పి, ఆ రోజే చేయండి. ఒక రుచికి సర్టిఫికెట్ ఉండి ఇంకోదానికి లేకపోతే ఆ మాట దాచకండి. ఫోన్ ఎత్తే అమ్మాయికో అబ్బాయికో ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి టేబుల్ దగ్గర ఉంచండి, రుచి మారినప్పుడల్లా ఆ కాగితాన్నీ మార్చండి.